చివరిదని చెప్పి అమ్మిన కారు

ధ్యాన భాగములు: సామెతలు 20:14, మత్తయి 6:19–21, యాకోబు 4:13–15



ఈ నెల మీ యెదుట ఒక మోటారు కారు సంగతి పెట్టుచున్నాను. అది మన దేశపు కారు కాదు. మనలో ఎవరును ఎక్కిన కారు కాదు. కాలువగట్టు మీద నడిచి గుడికి వచ్చు మనకు అమెరికా కారుతో ఏమి పని అని మీరు అడుగవచ్చును. అయితే మన ప్రభువు పులిపిండిని గూర్చియు, వలను గూర్చియు, ఒకడు కొత్తగా కొన్న అయిదు జతల ఎద్దులను గూర్చియు చెప్పి, వాటి మూలముగానే పరలోకరాజ్య సంగతులు బోధించెను. కొనుట, అమ్ముట అనునవి సంతలోని సంగతులేగాని గుడిలోని సంగతులు కావని మనము తలంచుచుందుము. బైబిలు అట్లు తలంచదు. లేవీయకాండము 19వ అధ్యాయములో త్రాసును గూర్చి, తూనికరాళ్లను గూర్చి, కుంచమును గూర్చి ఆజ్ఞ ఇచ్చినప్పుడు దేవుడు తన నామమునే దానికి సాక్షిగా నిలిపెను.

గడచిన క్రిస్మసు పండుగకు మా సంఘపెద్దలలో ఒకరి కుమారుడు అమెరికానుండి ఇంటికి వచ్చెను. ఆ తమ్ముడు మోటారు కార్ల పట్టణమని పేరుపొందిన డెట్రాయిట్‌కు సమీపమున ఉద్యోగము చేయుచున్నాడు. పండుగ మరునాటి రాత్రి గుడి అరుగు మీద కూర్చుండి, తాను అక్కడి సంఘములోని ఒక వృద్ధురాలికి కారు అమ్మిపెట్టిన వృత్తాంతము మాకు చెప్పెను. అది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో చివర చెప్పెదను. ముందు ఆ కారు పుట్టుపూర్వోత్తరములు మీరు తెలిసికొనవలెను, లేనియెడల ఆమెకు కలిగిన శోధన మీకు బోధపడదు.

ఆ కారు పేరు కాడిలాక్ ఎల్డొరాడో. కాడిలాక్ కంపెనీని 1902లో డెట్రాయిట్‌లో హెన్రీ లీలండ్ అనునతడు స్థాపించెను. ఇతడు కొలతల విషయములో బహు పట్టుదల గలవాడు. ఒక వెంట్రుక మందము తేడా వచ్చినను సహించెడివాడు కాడు. 1908లో ఇంగ్లండులో ఇతని కార్లకు ఒక పరీక్ష పెట్టిరి. మూడు కార్లను పూర్తిగా విప్పి, భాగములన్నియు ఒకే కుప్పగా కలిపివేసి, వాటిలో కొన్నింటిని తీసివేసి దుకాణములోనుండి తెచ్చిన వేరు భాగములను కలిపి, ఆ కుప్పలోనుండి మరల మూడు కార్లు బిగించిరి. ఆకురాయి పెట్టి అరుగదీయుట లేదు, సుత్తితో కొట్టి సరిచేయుట లేదు. ఆ మూడు కార్లును 500 మైళ్లు పరుగెత్తినవి. ఏ కారు మర ఏ కారులోనైనను సరిపోయినది. సరియైన కొలత అనగా ఏమో లోకమునకు చూపిన కంపెనీ అది. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడి. మరుసటి సంవత్సరము, అనగా 1909లో, అది జనరల్ మోటార్స్ చేతిలోనికి పోయెను.

ఎల్డొరాడో అను పేరు 1953లో వచ్చినది. అది స్పెయిను భాషా పదము. బంగారు పూత పూయబడినవాడు అని దాని అర్థము. దక్షిణ అమెరికాలోని కొలంబియా కొండలలో గ్వాటవీటా అను సరస్సు కలదు. అక్కడి అధిపతి ఒడలంతయు బంగారు పొడి పూసికొని ఆ నీటిలో మునుగునని ఒక కథ పుట్టినది. ఆ కథ నోటనుండి నోటికి పెరిగి, మనుష్యుడు కాస్త పట్టణమాయెను, పట్టణము కాస్త దేశమాయెను. దాని కొరకు ఎన్ని ఓడలు బయలుదేరెనో! ఇంగ్లండువాడైన వాల్టర్ రాలీ 1595లో ఒకమారు, 1617లో మరియొకమారు వెదకబోయెను. అది దొరకలేదు. 1618లో అతని శిరస్సే తెగినది. కారు అమ్ముటకు పెట్టిన పేరు ఇట్టిదని చూచి నేను కొంచెము నవ్వితిని. కాని మన ఊళ్లలో రాత్రివేళ లంకెబిందెల కొరకు త్రవ్వినవారు లేరా?

మొదటి సంవత్సరము 532 కార్లు మాత్రమే చేసిరి. ఒక్కొక్కటి 7,750 డాలర్లు. ఆ యేటి జనవరిలో ఐసెన్‌హోవర్ అధ్యక్షుడైనప్పుడు అట్టి కారులో నిలువబడి జనులకు చేయి ఊపుచు ఊరేగెను. కప్పు లేని కారు గనుక నిలువబడగలిగెను. అట్టి కారును కన్వర్టిబుల్ అందురు. దాని పైకప్పు రేకు కాదు, గుడ్డ. మంచి ఎండ కాయునప్పుడు మడిచి వెనుకకు దించివేయుదురు, వాన వచ్చిన లేవనెత్తుదురు. మనకు ఎండ తగులకుండుట భాగ్యము, చలిదేశమువారికి ఎండ తగులుట భాగ్యము.

1959లో దాని వెనుక భాగమునకు చేపరెక్కల వంటి పెద్ద రెక్కలు పెట్టిరి. అవి ఎందుకనగా చూచుటకే. 1967లో ముందు చక్రములే లాగునట్లు దానిని మార్చిరి, అప్పుడు కన్వర్టిబుల్ లేకపోయెను. 1971లో మరల కన్వర్టిబుల్ వచ్చినది. మన కథలోని కారు ఆ వంశములోనిది. నిడివి పద్దెనిమిదిన్నర అడుగులకు పైన, బరువు సుమారు 23 క్వింటాళ్లు. ఇంజను 8.2 లీటర్లది. మన రోడ్ల మీద ఎన్నో ఏండ్లు తిరిగి, 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడర్ కారు ఇంజను ఒకటిన్నర లీటరు మాత్రమే. అది త్రాగిన పెట్రోలు మీరే లెక్కవేసికొనుడి.

అయితే ఆ దేశములో కన్వర్టిబుల్ కార్ల కాలము తీరిపోవుచుండెను. 1965లో సుమారు 5 లక్షలు అమ్ముడుపోయినవి, పది సంవత్సరములు తిరుగకముందే ఆ సంఖ్య కొన్ని వేలకు పడిపోయెను. కార్లలో చల్లని గాలి యంత్రములు వచ్చినవి. పెద్ద రోడ్ల మీద వేగము పెరిగి, కప్పు లేని కారులో మాట వినబడకపోయెను. గుడ్డకప్పును కత్తితో కోసి దొంగలు లోపలికి చొరబడిరి. కారు బోల్తాపడిన యెడల లోపలివారి తలలు పగులకుండ గట్టి కప్పు ఉండవలెనని ప్రభుత్వము చట్టము చేయునను భయము కంపెనీలకు పట్టుకొనెను. ఒక్కొక్క కంపెనీయే మానివేసి, 1976 నాటికి పెద్ద కంపెనీలలో కాడిలాక్ ఎల్డొరాడో ఒక్కటే మిగిలెను.

అప్పుడు అమెరికాలో తయారగు చివరి కన్వర్టిబుల్ ఇదియే అని చాటించి ఆ కారును అమ్మిరి. ఆ సంవత్సరము 14,000 చేసిరి. ఏప్రిల్ 21న డెట్రాయిట్ కర్మాగారమునుండి చివరి కారు బయటికి వచ్చెను. ఆ దేశమునకు స్వాతంత్ర్యము ప్రకటింపబడి అది 200వ సంవత్సరము గనుక, చివరి 200 కార్లను ఒకే విధముగా చేసిరి. తెల్లని రంగు, తెల్లని కప్పు, తెల్లని తోలు సీట్లు, బానెట్ మీద ఎరుపు నీలము గీతలు, లోపల డాష్‌బోర్డు మీద ఈ కారు ఆ 200లో ఒకటి అని తెలుపు చిన్న ఫలకము. కంపెనీవారు ఒకటి తమ యొద్దనే ఉంచుకొనిరి.

చివరిది అను మాట ఎంత బలమైనదో చూడుడి! కంపెనీ ధర సుమారు 11,000 డాలర్లు. కొందరు రెట్టింపు దాకా ఇచ్చి కొనిరి. కొన్నవారు ఎక్కి తిరుగలేదు, కొట్టులో పెట్టి దుప్పటి కప్పిరి. పిల్లలు పెద్దవారగునప్పటికి ఇది మడిమాన్యమంత విలువ చేయునని తలంచిరి.

అటుపిమ్మట 1982లో క్రైస్లర్ కంపెనీ కన్వర్టిబుల్‌ను మరల తెచ్చెను. 1983లో ఫోర్డువారు తెచ్చిరి. 1984లో కాడిలాక్‌వారే ఎల్డొరాడో కన్వర్టిబుల్‌ను మరల తెచ్చిరి! దాని ధర 31,000 డాలర్లకు పైన. చివరిది చివరిది కాకపోయెను. 1976లో కొన్నవారిలో కొందరు మోసపోయితిమని కోపగించి, కంపెనీ మీద న్యాయస్థానములో దావా వేసిరి. దావా గెలువలేదు.

ప్రియులారా, కంపెనీవారు బుద్ధిపూర్వకముగా అబద్ధమాడిరని నేననను. ఆ దినమున వారు అది నిజమనియే నమ్మియుండవచ్చును. కాని యాకోబు ఏమి వ్రాసెను? రేపు ఫలాని పట్టణమునకు పోయి వ్యాపారము చేసి లాభము సంపాదింతుమని చెప్పువారిని ఆయన మందలించుచున్నాడు. రేపు ఏమి సంభవించునో వారికి తెలియదు గనుక. ఇది చివరిది అని చెప్పువాడును అదే పని చేయుచున్నాడు. రాబోవు సంవత్సరములన్నియు తన గుప్పిట నున్నట్లు మాటలాడుచున్నాడు. వెంట్రుక మందము తేడాను సహింపని కంపెనీ, మాటను మాత్రము కొలువక వదలివేసెను. ఇనుమును కొలుచుట సులభము.

కొని దాచినవారి పాపమో? వారికిని మాట పడవలసియున్నది. చిమ్మెటయు తుప్పును తినివేయు ధనమును గూర్చి ప్రభువు కొండమీద చెప్పినప్పుడు కారు లేదు. కాని ఏ మెకానిక్కునైనను అడుగుడి, తిరుగు కారుకంటె నిలిచిన కారే త్వరగా చెడును. నిలువయున్న పెట్రోలు జిగురైపోయి కార్బురేటరు సన్నరంధ్రములను పూడ్చివేయును. టైర్లు నేల తగిలినచోట చదునై పగులును. రబ్బరు ఎండి పెళుసగును. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొని లోపల తుప్పు పుట్టించును. ఎలుకలు సీటులో గూడు కట్టును. ఆ కాలపు కాడిలాక్‌లకు బంపరునకును ఒంటికిని నడుమ అతికిన ప్లాస్టిక్ తునకలు, ఎవరును ముట్టకున్నను, వయస్సుచేత అప్పడములవలె విరిగిపోవును. దుప్పటి కప్పి కాపాడినది దుప్పటి క్రిందనే పాడగుచుండెను. మరియొక వింత ఏమనగా, అనేకులు అదే విధముగా దాచిరి గనుక, దాచబడిన కార్లు అరుదు కాకపోయెను. అందరు దాచినది ఎవనికి అపురూపము?

ఇక ఆ వృద్ధురాలి సంగతికి వత్తము. ఆమె భర్త కర్మాగారములో పనిముట్ల విభాగములో కష్టపడిన కార్మికుడు. 1976లో దాచిన సొమ్మంతయు పెట్టి ఒక తెల్లని ఎల్డొరాడో కన్వర్టిబుల్ కొనెను. ముసలితనములో మనకు ఇది ఆధారమని భార్యతో చెప్పెను. వేసవికాలములో ఒకటి రెండు ఆదివారములు గుడికి మాత్రము అందులో వచ్చెడివారట. సంఘపు పిల్లలు దానిని తాకుటకు పోటీపడెడివారట. తరువాత కొన్నాళ్లకు అతడు రంగులు వేయువానిచేత బానెట్ మీద ఎరుపు నీలము గీతలు గీయించెను. మొదట ఆ 200 కార్లవలె చేయించితినని చెప్పెను. కొన్ని సంవత్సరములకు ఆ 200లో ఒకటి అని చెప్పుట మొదలుపెట్టెను. మోసము చేయవలెనని కాదు, చెప్పగా చెప్పగా తానే నమ్మెను. ఇట్టివారిని మీరెరుగుదురు. నేనును ఎరుగుదును.

అతడు ప్రభువునందు నిద్రించెను. ఆమెకు ఎనుబది దాటినవి. ఇంటిపైకప్పు కారుచుండెను. కారు అమ్మివేయవలెనని మన తమ్ముని సహాయమడిగెను. అమ్మకపు ప్రకటన వ్రాయుటకు అతడు కారును పరీక్షించెను. ఛాసిస్ నంబరు చూచెను. ఆ నంబరులో 67 అను అంకె ఉన్నయెడల కన్వర్టిబుల్‌గానే పుట్టిన కారని అర్థము. రేకు కప్పు గల కారు నంబరులో 47 ఉండును. దాని కప్పు కోసివేసి కన్వర్టిబుల్ అని అమ్మువారును కలరట. ఈమె కారులో 67 ఉన్నది. సంతోషమే. అయితే డాష్‌బోర్డు మీద ఫలకము లేదు. ఫలకము ఎక్కడ అమ్మా అని అతడు అడిగెను. ఏ ఫలకము బాబూ అని ఆమె అడిగెను.

అప్పుడు ఆమె పాత ఫోటోల పుస్తకము తెచ్చెను. కారు ఇంటికి వచ్చిన దినమున తీసిన ఫోటో అందులో ఉన్నది. ఇంటి ముందు మంచు పేరుకొనియున్నది. కారు తెల్లగా నున్నది. బానెట్ మీద గీతలు లేవు. ఫోటో వెనుక భర్త చేతివ్రాతతో 1976 ఫిబ్రవరి అని యున్నది. ఆ 200 కార్లు కర్మాగారమునుండి వచ్చినది ఏప్రిల్‌లో.

ఇంతలో మరియొక రాష్ట్రమునుండి ఒక ధనవంతుడు ఫోను చేసెను. ఆ సంఘములోని ఎవరో అతనికి చెప్పిరట. ఆ 200లో ఒకటి అయినయెడల చాల ఎక్కువ ఇచ్చెదననెను. ఫలకము ఊడి పోయినదని చెప్పినను చాలును, నేను నమ్మెదను, అని కూడ అనెను. చూచితిరా, శోధకుడు అబద్ధమును తానే తయారుచేసి చేతికందించును, మనము తల ఊపిన చాలును!

ఆమె వెంటనే సత్యము చెప్పెనని చెప్పి మిమ్మును సంతోషపెట్టవలెనని నాకున్నది. కాని అట్లు జరుగలేదు. ఆమె ఒక వారము ఏమియు తేల్చలేదు. డబ్బు ఒక్కటే కారణము కాదు. తమ్మునితో ఇట్లనెను: బాబూ, ఆయన సమాధిలో ఉన్నాడు. తిరిగి మాటలాడలేడు. ముప్పది ఏండ్లు సంఘమంతటి యెదుట ఆయన చెప్పిన మాటను నేను అబద్ధమని కాగితము మీద వ్రాసి పంచిపెట్టుదునా? భార్యలారా, మీరైతే ఏమి చేయుదురు? నాకు జవాబు సులభముగా తోచలేదు. భర్తను గౌరవింపుమన్నది వాక్యమే, సహోదరునితో సత్యమాడుమన్నదియు వాక్యమే. రెండును ఒకే వాకిట నిలిచి తలుపు తట్టినప్పుడు లోపలనున్నవారి గుండె ఎట్లు కొట్టుకొనును!

ఇక్కడ యెహోషువ గ్రంథములోని గిబియోనీయులు నాకు జ్ఞాపకమునకు వచ్చిరి. వారు కొత్తవాటిని పాతవిగా చూపిరి. పాత గోనెలు, అతుకుల తిత్తులు, బూజుపట్టిన రొట్టె తెచ్చి దూరదేశమునుండి వచ్చితిమని నమ్మించిరి. నేటి వర్తకులు పాతవాటిని కొత్తవిగా చూపుదురు. వేషము తిరుగబడినది గాని పని అదియే. తుప్పు తిన్న రేకును కోసి కొత్త రేకు అతుకుట కష్టము గనుక, రంధ్రములో పుట్టీ కూరి నునుపు చేసి రంగు వేయుదురు. కంటికి తెలియదు. కొనువాడు ఒక చిన్న అయస్కాంతమును తెచ్చి ఒంటి మీద జరుపుచు పోవును. ఇనుమున్నచోట అంటుకొనును, పుట్టీ యున్నచోట జారి పడిపోవును. యెహెజ్కేలు 13వ అధ్యాయములో కట్టుబాటు లేని గోడకు సున్నము పూసి గట్టిదని చెప్పినవారి గతి చదువుడి.

మైళ్ల మీటరు సంగతి కూడ ఉన్నది. ఆ కాలపు మీటరులో మైళ్లకు అయిదు అంకెలే. 99,999 దాటగానే మరల సున్నకు వచ్చును. కాబట్టి 24,000 అని చూపు కారు 1,24,000 మైళ్లు తిరిగినదైనను కావచ్చును. మీటరును వెనుకకు త్రిప్పుట నేరమని ఆ దేశములో 1972లో చట్టము చేసిరి. మైళ్లు ఎన్నో వ్రాసి సంతకము చేయవలెనని నిబంధనయు పెట్టిరి. కాని ఇంత పాత కారునకు ఆ వ్రాతపని అక్కరలేదు. అనగా చట్టము తొలగి, అమ్మువాని నోటిమాట ఒక్కటే మిగులును. మన సంతలో ఎద్దు వయస్సు పండ్లు చూచి చెప్పుదుము. ముసలి ఎద్దు కొమ్ములు చెక్కి నూనె రాయువాడు పండ్లను మార్చలేడు. కారులో పండ్ల వంటివి బ్రేకు పెడలు మీది రబ్బరు, సీటు అంచు, స్టీరింగు. మీటరు కొద్దిమైళ్లు చెప్పి, పెడలు అరిగిపోయియున్నయెడల, నేను పెడలునే నమ్మెదను.

వారము గడచిన పిమ్మట ఆమె తమ్ముని పిలిపించెను. ఫోటోను ముందు పెట్టుకొని ఇట్లు చెప్పి వ్రాయించెను. ఇది 1976 ఫిబ్రవరిలో కొన్న తెల్లని కారు. చివరి 200లో ఒకటి కాదు. బానెట్ మీది గీతలు నా భర్త ఇష్టపడి తరువాత వేయించినవి. వెనుక బంపరు ప్రక్కనున్న ప్లాస్టిక్ తునకలు విరిగినవి. డిక్కీ అడుగున తుప్పు కలదు. కప్పు లేచును గాని ఒక ప్రక్క చేయి సాయము కావలెను. మేము దీనిలో గుడికి వెళ్లితిమి.

చివరి వాక్యము కారు అమ్ముటకు అవసరము లేదని తమ్ముడు చెప్పెనట. ఉండనిమ్మని ఆమె అనెను.

ఆ ధనవంతుడు మరల ఫోను చేయలేదు. వేరొకడు వచ్చెను. సామెతలు 20వ అధ్యాయము 14వ వచనములో కొనువానిని గూర్చి యున్నది. బేరమాడునప్పుడు సరకును తీసిపారవేయును, ఇంటికి పోయి మంచి బేరము దొరికెనని గొప్పలు చెప్పుకొనును. ఇతడు ఆమె వ్రాయించిన కాగితమునే చేతబట్టుకొని, ఇదిగో తుప్పు మీరే ఒప్పుకొనిరి, ఇదిగో కప్పు మీరే ఒప్పుకొనిరి, అని ఒక్కొక్క లోపమునకు కొంత తగ్గించుచు వచ్చెను. ఆమె చెప్పకున్న సగము అతనికి తెలిసియుండెడివి కావు. మనలో అమ్మువారికంటె కొనువారే ఎక్కువ గనుక ఈ మాట చెప్పుచున్నాను. ఎదుటివాడు సత్యము చెప్పినప్పుడు ఆ సత్యమును కత్తిగా చేసి అతనినే పొడుచువాడు, మరునాడు అతనిచేత అబద్ధమాడించుచున్నాడు. హెబ్రోనులో ఎఫ్రోను 400 తులముల వెండి అడిగినప్పుడు అబ్రాహాము గుహలో లోపములు వెదకలేదు. తూచి ఇచ్చెను.

కారు తక్కువకే పోయినది. పైకప్పు బాగుచేయించుటకు సరిపోయినదట, అంతకంటె మిగులలేదు. ఆ మరుసటి ఆదివారము సాక్ష్యములు చెప్పు సమయమున ఆమె లేచి, నా భర్త చెప్పిన ఒక మాటను నేను సరిచేయవలసియున్నది, అని ఆరంభించెను. తమ్ముడు అక్కడ ఆగిపోయెను. ఆమె తక్కిన మాటలు చెప్పుట అతనికి చేతకాలేదు.

ఇప్పుడు నాకు నిద్ర పట్టని సంగతి. ఆరు సంవత్సరముల క్రిందట నా పాత మోటారు సైకిలును ప్రక్క ఊరి కౌలురైతుకు, మన సంఘస్థునికే, తొమ్మిది వేలకు అమ్మితిని. ఆ బండి చల్లగానున్నప్పుడు ఎంత తన్నినను బయలుదేరదు. ఒకమారు వేడెక్కిన పిమ్మట చక్కగా నడుచును. అతడు చూడవచ్చు దినమున నేను తెల్లవారుజామున లేచి, నలుబదిమారులు తన్ని, ఇంజను వేడిచేసి ఉంచితిని. అతడు వచ్చెను, ఒక్క తన్నుతో బయలుదేరినది. నేను ఒక్క అబద్ధమును పలుకలేదు. బండి ఎట్లున్నది అయ్యగారూ అని అతడు అడిగినప్పుడు, నీవే చూచితివి గదా అంటిని. ఆ ఆదివారము నేను ప్రసంగించినది పదియాజ్ఞలను గూర్చియే.

సంక్రాంతి వెళ్లిన వారము రెండువేల రూపాయలు ఒక కవరులో పెట్టుకొని అతని ఊరికి పోతిని. చొక్కా లేకుండ అరుగు మీద కూర్చుండి పగ్గము పేనుచుండెను. నేను ఉన్నది ఉన్నట్లు చెప్పితిని. అతడు మొదట నవ్వెను. తరువాత నవ్వు ఆగిపోయెను.

అయ్యగారూ, ఆ సంగతి మొదటి నెలలోనే నాకు తెలిసినది, అని అతడనెను. మీరు అయ్యగారు గనుక అడుగలేదు.

బండి ఎక్కడ అని అడిగితిని.

రెండేండ్లు పడి అమ్మివేసితిని, అనెను. కవరును చేతితో నా వైపునకు త్రోసెను. పాలవానికి అమ్మితిని. నాలుగు గంటలకే బండి తీయవలసినవాడు. వాడు చూడవచ్చు దినమున నేను కూడ వేడిచేసియే ఉంచితిని, అయ్యగారూ. అట్లు చేయవలెనని నాకు మీ బండియే నేర్పినది.

ఆ పాలవాని ఊరు అక్కడికి ఆరు కిలోమీటర్లు. కవరు నా చేతిలోనే యున్నది. అతడు లోపలికి పోయి చొక్కా తొడుగుకొని, తాను దాచుకొన్న సొమ్ములో కొంత పంచె కొంగున ముడివేసికొని వచ్చెను. బస్సు కొరకు నిలువక, ఇద్దరమును కాలువగట్టు మీదుగా నడిచి పోతిమి.